ఈరోజు మొక్క.. రేపు మేడ!

పత్రిక ఆఫీసు నుంచి ఫోన్ వచ్చే సమయానికి పెద్దక్షరాలాయన మంచం అంచున కూర్చుని మోకాళ్లకు మందు రాసుకుంటున్నాడు. చేతులు జిడ్డుగా ఉన్నాయని భార్య ఫోన్ తీసి ఆయన చెవి దగ్గర పట్టుకుంది. అవతల మాట్లాడుతున్నది ఆదివారం అనుబంధం చూసే ఎడిటరమ్మాయి. పత్రికకు యాభై ఏళ్లు నిండుతున్నాయట. ప్రత్యేక సంచికలో ఒక నవ్వుల పేజీ వేయాలనుకుంటున్నారట.

"డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో అప్పట్లో మనం పెద్ద పెద్ద అక్షరాలతో చెప్పేవాళ్లం కదా సార్. అందులో తల్లకిందులైనవన్నీ ఏరి ఇస్తారా? సరదాగా ఉండాలి. చదివినవాళ్లు పడీ పడీ నవ్వాలి."

"ఎవర్ని చూసి?" అని అడిగాడాయన.

"మనల్ని చూసే సార్."

"మనల్ని అంటే నన్నేగా."

ఆ అమ్మాయి కాస్త తడబడి నవ్వేసింది. ఆయనకు నవ్వు రాలేదు. అలాగని కోపమూ రాలేదు. ఈ మధ్య ఆయనకు ఏదీ ఒక పట్టాన రావడం లేదు. సరే, వస్తానన్నాడు.

ముప్పై నాలుగేళ్లు ఆయన ఆ పత్రికలో వార్తలకు శీర్షికలు పెట్టాడు. వార్త రాసినవాడి పేరు అప్పుడప్పుడన్నా అచ్చవుతుంది. శీర్షిక పెట్టినవాడి పేరు ఎక్కడా కనిపించదు. అందుకేనేమో ఆఫీసులో అసలు పేరు పోయి పెద్దక్షరాలాయన అనే మాటే మిగిలింది. మొదట చేరింది ప్రూఫులు దిద్దడానికి. రెండో ఏడు వ్యాపారం పేజీ చూసే మనిషికి జ్వరం వస్తే, నాలుగు రోజులు చూడమని ఈయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. జ్వరం తగ్గాక ఆ మనిషి మరో పత్రికకు వెళ్లిపోయాడు. ఈయన ఆ కుర్చీలోనే ఉండిపోయాడు.

మార్కెట్ అంటే అప్పటికి ఆయనకు కూరగాయల సంచీ తప్ప మరేమీ తెలియదు. తెలియాల్సిన అవసరం లేదని కూడా నెల తిరక్కుండానే అర్థమైంది. వార్త బుర్రకెక్కకపోయినా ఫరవాలేదు, శీర్షిక కాలమ్‌లో పట్టాలి. మూడు కాలమ్‌ల వెడల్పుకు పద్నాలుగు అక్షరాలు. పై వరుసలో ఒత్తులు ఎక్కువైతే కింది వరుస గుడుల మీదికి దిగుతాయి. కాబట్టి 'క్షీణించిన' కంటే 'పడిన' మేలు. 'పడిన' కంటే 'కూలిన' ఇంకా మేలు. ఒక్క ఒత్తు లేదు, పైగా చప్పుడు చేస్తుంది. అలా ఒత్తుల బాధ పడలేక ఆయన కూల్చిన మార్కెట్లకు లెక్కలేదు.

పాత సంచికలన్నీ మూడో అంతస్తులో ఉన్నాయి. మధ్యలో రెండుచోట్ల ఆగి, గోడ పట్టుకుని ఎక్కాడు. అక్కడ పాతికేళ్లుగా ఆ సంపుటాలను కనిపెట్టుకుని ఉన్నావిడను అందరూ ఫైళ్లమ్మ అంటారు. ఆవిడ ముక్కుకు గుడ్డ కట్టుకుని, నెలకొకటి చొప్పున బైండు చేసిన లావుపాటి పుస్తకాలను ఒక్కొక్కటే బల్ల మీదికి దించింది. తెరిస్తే చాలు, పాత జిగురు వాసన గుప్పుమంటోంది. అంచులు పట్టుకుంటే పొడిగా రాలుతున్నాయి.

"మెల్లగా గురువుగారూ, మీ పరువు రాలిపోతోంది," అంది ఆవిడ.

మొదటి రెండు రోజులు బాగానే గడిచాయి. 'బంగారం పని అయిపోయింది' అని ఒకటి దొరికింది. ఆ తర్వాత నాలుగైదేళ్లకే దాని ధర రెట్టింపయింది. అది అచ్చయిన వారమే భార్య గాజులు అడిగితే, చేతిలో డబ్బు లేక, ఆయన ఆ శీర్షికే చూపించాడు. పెట్టింది ఆయనేనని తెలిసి కూడా ఆవిడ ఊరుకుంది. 'పెరట్లో ఈము.. చేతిలో సొమ్ము' అనేది ఇంకొకటి. ఈము పక్షులు తిండి తినడం తప్ప ఇంకేమీ చేయవని జనానికి రెండేళ్లలో తెలిసింది. 'రీలు తిరిగినంత కాలం లాభాలే' అన్నది పాటల క్యాసెట్ల దుకాణాల గురించి. 'ఊరవతల స్థలాలు.. ఎవరికి కావాలి?' అన్నది చూసి ఫైళ్లమ్మ కిటికీలోంచి బయటికి చూపించింది. ఆ ఊరవతలే ఇప్పుడు ఈ ఆఫీసు ఉంది.

"ఒక సోమవారం 'మదుపరుల మోములో వెలుగు' అన్నారు. మంగళవారం 'మదుపరుల కంట నీరు'. బుధవారం మళ్లీ వెలుగు," అని ఆవిడ చదివింది. "పాపం, ఆ వారమంతా వాళ్లు మొహం తుడుచుకుంటూనే ఉండి ఉంటారు."

"అన్నీ ఒక్కడి మొహమే అనుకునేవాణ్ణి," అన్నాడాయన. "ఎక్కడో దూరంగా, మొహం తప్ప పని లేనివాడు."

"మరి మీరు ఎందులో పెట్టారు డబ్బులు?"

"నేనా? దేన్లోనూ పెట్టలేదు. శీర్షిక ఎలా తయారవుతుందో తెలిసినవాణ్ణి, నేనెలా నమ్ముతాను?"

ఆ మాట అన్నాక ఆయన ముందున్న సంపుటం మూసి పక్కన పెట్టాడు.

మూడో రోజు మధ్యాహ్నం అది దొరికింది. ఎక్కడో ఒకచోట ఉంటుందని ఆయనకు తెలుసు. తెలిసే ఆ ఏడాది సంపుటాలను చివరికి నెట్టుకుంటూ వచ్చాడు. ఇరవై ఆరేళ్ల కిందటి పేజీ. ఆరు కాలమ్‌ల శీర్షిక: 'ఈరోజు మొక్క.. రేపు మేడ!' కింద ఒక టేకు తోటల కంపెనీ గురించి వార్త. ఒక చిన్న స్థలానికి డబ్బు కడితే వాళ్లే మొక్కలు నాటి పెంచుతారు, ఇరవై ఏళ్లకు కలప అమ్మి పంచిపెడతారు. ఎదుటి పేజీ నిండా అదే కంపెనీ ప్రకటన. ఆ రోజు ప్రకటనల విభాగం మేనేజరు వచ్చి కుర్చీ వెనకాల నిలబడి, "కొంచెం తియ్యగా పెట్టండి," అన్న సంగతి ఆయనకు ఇప్పటికీ గుర్తే. తియ్యగానే పెట్టాడు. మొత్తానికి ఒకటే ఒత్తు. అచ్చులో చూసుకుని మురిసిపోయాడు కూడా.

ఆ వార్త కత్తిరించి దాచుకుని, దుకాణం పెట్టుకోవడానికి కూడబెట్టిందంతా తీసుకెళ్లి ఆ కంపెనీలో కట్టినవాడు స్వయానా ఆయన బామ్మర్ది. కాలిపోయిన మోటార్లకు రాగి తీగ మళ్లీ చుట్టి బాగుచేసే పని అతనిది. కంపెనీ నాలుగో ఏడు బోర్డు తిప్పేసింది. సొంత దుకాణం మాట అక్కడితో సరి. అద్దె గదిలోనే తీగ చుడుతూ చుడుతూ అతని జుట్టు నెరిసిపోయింది.

డబ్బు కట్టే ముందు అతను ఆఫీసుకు ఫోన్ చేశాడు. "బావా, మీ పేపర్లో వచ్చిందిగా, వెయ్యొచ్చా?" అని అడిగాడు. పెద్దక్షరాలాయన ఏమన్నాడు? "చూసుకో" అన్నానని ఆయన గట్టిగా అనుకుంటాడు. కొన్ని రోజులు మాత్రం "వేసుకో" అన్నట్టు వినిపిస్తుంది. ఈ రెండు మాటల మధ్య ఇరవై ఆరేళ్లు నలిగిపోయాడు. పెళ్లిళ్లలో బామ్మర్ది ఒక వరుసలో కూర్చుంటే ఈయన ఇంకో వరుస వెతుక్కునేవాడు. భార్య తమ్ముడింటికి బయల్దేరిన రోజున ఈయనకు తప్పకుండా ఏదో ఒక పని తగిలేది.

ఏరిన శీర్షికల జాబితాలో దీన్ని అన్నిటికంటే పైన రాసి ఎడిటరమ్మాయికి ఇచ్చాడు. ఆమె చదువుతూ ఈము పక్షుల దగ్గర గట్టిగా నవ్వింది. మొదటి దాని దగ్గరికి వెనక్కి వచ్చి ఆగింది.

"దీనికి నవ్వు రావట్లేదు సార్. మిగతావి చాలు కదా? ఇంత పాతది ఎవరికి గుర్తుంటుంది?"

"మా బామ్మర్దికి గుర్తుంటుందమ్మా."

ఆయన సంగతంతా చెప్పాడు. ఆమె పెన్ను మూత తీస్తూ పెడుతూ విన్నది. "అయితే ఒక పని చేయండి. ఆ చెట్లు ఇప్పుడెలా ఉన్నాయో చూసి, ఆయన్ని అక్కడ నిలబెట్టి ఫోటో తీసుకురండి. చిన్న బాక్స్ వేద్దాం," అంది.

ఈ తలనొప్పి ఎందుకు తెచ్చుకున్నానా అని మెట్లు దిగుతున్నంతసేపూ అనుకున్నాడు. అయినా ఇంటికి వెళ్లకుండా, అటునుంచి అటే బామ్మర్ది దుకాణానికి నడిచాడు.

దుకాణం అంటే ఒక గది. నేలంతా రాగి తీగ ముక్కలు, మూలన పొట్ట విప్పిన మోటార్లు, గాలిలో వార్నిష్ వాసన. బామ్మర్ది కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, గుమ్మంలో ఎవరా అని చూశాడు. చూసి, పీట మీది కాగితాలు గబగబా తీసేశాడు.

"రండి బావా, కూర్చోండి. అక్కకు బాగానే ఉంది కదా?" అన్నాడు కంగారుగా. ఈ మనిషి ఇక్కడికి రావాలంటే ఇంట్లో ఏదో జరిగి ఉండాలని అతని భయం.

"అందరూ బాగానే ఉన్నారు. ఆ టేకు తోట కాగితం.. ఉంచావా, చింపేశావా?"

బామ్మర్ది లేచి, పైఅరలోంచి ఒక రేకు డబ్బా దించాడు. ఆకుపచ్చ అంచు ఉన్న ధ్రువపత్రం, దాని మీద ప్లాటు నంబరు రెండువందల పద్నాలుగు. మడతల దగ్గర చిరగకుండా వెనక టేపు అంటించి ఉంది.

పత్రిక వాళ్లు అడిగిన సంగతి ఈయన చెప్పాడు. ఇష్టం లేకపోతే వద్దనీ చెప్పాడు. బామ్మర్ది మెడ గోక్కుంటూ కాగితం అటూ ఇటూ తిప్పాడు.

"ఇరవై ఏళ్లు ఆగమన్నారు, ఇరవై ఆరు ఆగాం. ఇంక ఆలస్యం దేనికి బావా? పదండి, కోసుకొద్దాం," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బస్సెక్కారు. రెండు గంటల ప్రయాణం. ఇద్దరి సీట్లూ పక్కపక్కనే. పెద్దక్షరాలాయన కిటికీలోంచి కనిపించిన ప్రతి బోర్డూ చదువుకుంటూ కూర్చున్నాడు. బామ్మర్ది కాసేపు చూసి, చూసి, నిద్రపోయాడు. అతని తల మెల్లగా ఈయన భుజం మీదికి వాలింది. భుజం తిమ్మిరెక్కినా ఆయన కదల్లేదు.

బస్సు దిగి, అడుగుతూ అడుగుతూ మట్టిదారిలో మైలున్నర నడిచారు. తోట ఉందో లేదో కూడా ఆ చుట్టుపక్కల చాలామందికి తెలియదు. చివరికి ఒక తుప్పు పట్టిన గేటు కనిపించింది. గేటుకు కోర్టు వాళ్ల రేకు: ఈ ఆస్తి వివాదంలో ఉన్నది, చెట్లు నరకరాదు. లోపల నుంచి ఒక ముసలాయన తువ్వాలు దులుపుకుంటూ వచ్చాడు.

"కాగితం తెచ్చారా?" అని అడిగాడు, చూడగానే.

"మీకెలా తెలుసు?" అన్నాడు పెద్దక్షరాలాయన.

"ఇంక దేనికొస్తారు ఇక్కడికి? మొదట్లో వారానికి ఇద్దరు ముగ్గురు వచ్చేవాళ్లు. నన్ను తిట్టి పోయేవాళ్లు. ఈ పదేళ్లలో మీరే."

అతను కంపెనీ పెట్టిన కాపలాదారు. కంపెనీ మాయమైనప్పుడు అతనికి ఎనిమిది నెలల జీతం రావాలి. వస్తుందేమోనని కొన్నాళ్లు ఉన్నాడు. తర్వాత వెళ్లడానికి వేరే చోటు లేక ఉండిపోయాడు. గుడిసె వేసుకుని, చుట్టూ కూరగాయలు పెంచుకుంటున్నాడు. తలుపు మాత్రం టేకుది. "అబద్ధం చెప్పను, తలుపు కోసం ఒకటి కొట్టా. అప్పటికి కోర్టు రేకు కట్టలేదు," అన్నాడు.

వేలకు వేలు నాటామన్న మొక్కల్లో బతికినవి అరవై దాకా ఉంటాయి. మిగతావి నీళ్లు లేక కొన్ని, అసలు నాటకనే కొన్ని పోయాయి. కాపలాదారు గడ్డి తొక్కుకుంటూ వెళ్లి, సగం పూడిపోయిన ఒక రాయిని కాలితో గీకాడు. రెండు, ఒకటి.. మూడో అంకె చెరిగిపోయింది.

"ఇదే అనుకోండి," అన్నాడు.

అక్కడ మూడు చెట్లున్నాయి. రెండు బక్కగా వంకర తిరిగి ఉన్నాయి. మూడోది మాత్రం తిన్నగా ఆకాశంలోకి పోయింది. దాని ఆకులు చాటలంత ఉన్నాయి. బామ్మర్ది తల పైకెత్తి చాలాసేపు చూశాడు. జేబులోంచి పని తాడు తీసి మాను చుట్టూ తిప్పి, కొలతకు గుర్తుగా తాడుకు ముడి వేసుకున్నాడు. ఎంత లావుందని ఈయన అడిగితే, "బాగానే ఉంది," అన్నాడు. తర్వాత అరచేయి బెరడు మీద ఆనించి అలాగే నిలబడ్డాడు. ఆ భంగిమలోనే ఈయన ఫోన్‌తో ఫోటో తీశాడు. మొదటిదానిలో తన బొటనవేలు పడింది. రెండోది కుదిరింది.

"కొట్టడానికి లేదు, అమ్మడానికి లేదు. నీడలో కూర్చోవడానికి ఏ అభ్యంతరమూ లేదు," అని కాపలాదారు చెప్పి, టీ పెడతానని వెళ్లాడు.

ఇద్దరూ ఎండుటాకులు చేత్తో పక్కకు తోసి కూర్చున్నారు. ఇంక ఇప్పుడు కాకపోతే ఎప్పటికీ అడగలేనని పెద్దక్షరాలాయనకు అనిపించింది.

"ఆ రోజు నువ్వు ఫోన్ చేశావు చూడు. నేను చూసుకో అన్నానా, వేసుకో అన్నానా?"

బామ్మర్ది నుదురు ముడిచాడు. "ఏ రోజు?"

"డబ్బు కట్టే ముందు. వెయ్యొచ్చా అని అడిగావు."

"ఓ, అదా. మీరేమీ అనలేదు బావా. పేజీ అచ్చుకు వెళ్లిపోతోంది, పావుగంట ఆగి చెయ్యి అన్నారు. నేను మళ్లీ చెయ్యలేదు."

"ఎందుకు చెయ్యలేదు?"

"మీరు వద్దంటారేమోనని. అప్పటికే కట్టేద్దామని నిర్ణయించుకున్నా. మీ హెడ్డింగు బాగుందిలెండి, కాదనను. కానీ ఆ ప్రకటన మూడు రోజులుగా చూస్తూనే ఉన్నా."

పెద్దక్షరాలాయనకు గుండె మీద బరువు దిగిందని అనిపించాలి. కానీ ఆయనకు అనిపించింది ఒళ్లంతా అలసట మాత్రమే. అసలు అననే లేని మాటను ఇన్నేళ్లు రెండు రకాలుగా మోశాడు.

"మరి నాతో ఎందుకు ముభావంగా ఉండేవాడివి?"

"నేనా?" బామ్మర్ది తిరిగి చూశాడు. "మీరే కదా నన్ను చూస్తే మొహం చాటేసేవారు! నేను అప్పు అడుగుతానని భయపడుతున్నారేమో అనుకున్నా. ఎందుకు ఇబ్బంది పెట్టడం అని నేనే దూరంగా ఉన్నా. నిన్న దుకాణానికి వచ్చినప్పుడు కూడా, అక్కకేదో అయిందనే హడలిపోయా."

కాపలాదారు టీ తెచ్చాడు. గుడిసె వెనకాల నీళ్ల మోటారు గరగరమంటూ తిరుగుతోంది. బామ్మర్ది రెండు గుక్కలు తాగి చెవి అటు పెట్టాడు. "బేరింగ్ పోయింది దానికి. ఇంకో నెల ఇలాగే తిప్పితే కాలిపోతుంది," అంటూ లేచి వెళ్లాడు. సామాను లేకపోవడంతో పూర్తిగా బాగుచేయలేక, మూత విప్పి, మట్టి దులిపి, నూనె వేసి, పైవారం బేరింగ్ తెస్తానని మాటిచ్చి వచ్చాడు. ఈలోగా పెద్దక్షరాలాయన చెట్టుకు చేరగిలబడి కునుకు తీశాడు.

ఇంటికి వచ్చి జరిగింది చెబితే భార్య పప్పు గరిటె పట్టుకునే నిలబడి విన్నది. "ఈ ముక్క నన్నడిగినా చెప్పేదాన్నిగా! ఇంటికి రారేమిటక్కా బావ అని వాడు ఎన్నిసార్లు అడిగాడో," అంది. ఆ తర్వాత ఆయనకు వడ్డించకుండా గిన్నె ముందు పెట్టి వెళ్లి పడుకుంది. మర్నాడు మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు.

ఆదివారం పేజీ వచ్చింది. పైన ఈము పక్షులు, బంగారం, క్యాసెట్లు. కింద మూల బాక్స్‌లో చెట్టుకు చేయి ఆనించిన బామ్మర్ది. శీర్షిక మీరే పెట్టాలని ఎడిటరమ్మాయి పట్టుబట్టింది. ఆయన సాయంత్రమంతా రాసి కొట్టేసి, చివరికి 'రెండువందల పద్నాలుగులో మూడు చెట్లు' అని పంపాడు. రెండు ఒత్తులున్నాయి. కింది వరుసకు తగల్లేదు.

సోమవారం ఉదయం నుంచి పత్రికకు ఫోన్లు మొదలయ్యాయి. నవ్వామని చెప్పడానికి ఒకరిద్దరు. మిగతావాళ్లంతా కాగితాలున్నవాళ్లు. చెట్లు నిజంగా ఉన్నాయా? మాది మూడువందల ఆరు, అది కనిపించిందా? మాకు దారి ఎవరు చెబుతారు? పత్రిక వాళ్లు ఆలోచించకుండా ఆయన నంబరు ఇచ్చేశారు. ఆయన రోజుకు పది మందికి అదే సంగతి చెప్పాడు: కొట్టడానికి లేదు, అమ్మడానికి లేదు, నంబర్లు చెరిగిపోయాయి, మైలున్నర నడవాలి. విని చాలామంది ఫోన్ పెట్టేశారు. ఏడుగురు మాత్రం చూస్తే చాలన్నారు.

"నావల్ల కాదు. ఈ మోకాళ్లతో మళ్లీ అంత దూరమా?" అని ఆయన బామ్మర్దికి ఫోన్ చేశాడు.

"ఎలాగూ బేరింగ్ తీసుకెళ్లాలి కదా బావా. రండి," అన్నాడు బామ్మర్ది.

అలా పై గురువారం తొమ్మిది మంది బస్సు దిగారు. అందరూ అరవై దాటినవాళ్లే. ఇంతమందిని చూసి కాపలాదారు ముందు తలుపు మూసుకున్నాడు. తిట్టడానికి రాలేదని తెలిశాక మళ్లీ తీశాడు. ఎవరి నంబరు వాళ్లు వెతుక్కుంటూ గడ్డిలో చెదిరిపోయారు. దొరికినవాళ్లు ఇద్దరే. రిటైరైన నర్సమ్మ ఒకావిడ సంచీలోంచి కాగితం తీసి పట్టుకుని రాయి రాయికీ తిరిగింది. ఆవిడ ప్లాటు ఉండాల్సిన చోట ముళ్లపొదలు తప్ప ఏమీ లేదు. బామ్మర్ది ఆవిడను తన చెట్ల దగ్గరికి తీసుకొచ్చి, వంకరగా ఉన్న దాన్ని చూపించాడు.

"ఇది తీసుకోండమ్మా. నాకు మూడున్నాయి."

"ఏం చేసుకోను బాబూ?" అంది ఆవిడ.

"ఏం చేసుకుంటాం? ఏమీ చేసుకోం."

ఆవిడ చెప్పులు విడిచి, ఆ చెట్టు కింద కాళ్లు చాపుకుని కూర్చుంది. మడమలు నొక్కుకుంటూ, తిరుగు బస్సు ఎన్నింటికని పెద్దక్షరాలాయనను అడిగింది. నాలుగున్నరకని ఆయన చెప్పాడు. ఇంకా చాలా టైముందని చెప్పి, తనూ వెళ్లి ఆవిడకు కాస్త ఎడంగా చతికిలబడ్డాడు.